మందు ఎక్కడికి వెళ్లకూడదు?

డాక్సోరూబిసిన్ అని ఒక క్యాన్సర్ మందు ఉంది. చూడ్డానికి షర్బత్‌లా ఎర్రగా ఉంటుంది. కణాల డీఎన్ఏలో దూరి వాటిని పెరగనివ్వదు. చిక్కేంటంటే, అది గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఇంతకి మించి ఇవ్వకూడదని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. మందు పనిచేస్తున్నా సరే, లెక్క నిండితే ఆపాల్సి రావచ్చు.

దీనికి దొరికిన ఉపాయం, మందుని కొవ్వు సంచిలో పెట్టి పంపడం. ఆ సంచి పేరు లైపోసోమ్. 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ వీటిని గుర్తించాడు. లిపిడ్ అణువు తలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి అస్సలు పడదు. నీళ్లలో వేస్తే తోకల్ని లోపలికి దాచుకుని, రెండు వరసల గోడ కట్టి, గుండ్రంగా మూసుకుపోతాయి. హాస్టల్ సాంబారు మీద తేలే నూనెచుక్కలా నిండా కొవ్వు ఉండదు. గోడ మాత్రమే కొవ్వు, లోపల నీళ్లే.

ఇలా తయారైన డాక్సిల్‌కి 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్కో సంచి సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరు పొడవులో పదివేలు పడతాయి. ఇంత చిన్నదాంట్లోకి మందు ఎక్కించడమే నాకు బాగా నచ్చిన భాగం. ముందుగా సంచిలో అమ్మోనియం సల్ఫేట్ నింపుతారు, పొలాల్లో ఎరువుగా వేసేదే. మందు ఛార్జ్ లేకుండా గోడ దాటి లోపలికొస్తుంది. లోపల ప్రోటాన్ తగులుకుని ఛార్జ్ వస్తుంది, ఇక గోడ దాటలేదు. అచ్చం పద్మవ్యూహంలో అభిమన్యుడే. సల్ఫేట్‌తో కలిసి అక్కడే స్ఫటికంగా గడ్డకడుతుంది.

మామూలు సంచుల్ని లివర్, ప్లీహంలోని రక్షక కణాలు తొందరగా మింగేస్తాయి. అందుకని పైన పెగ్ అనే పాలిమర్ పూస్తారు. అది చుట్టూ నీటిని పట్టి ఉంచి వాటికి చిక్కకుండా చూస్తుంది. దాంతో మందు రెండు మూడు రోజులు రక్తంలో తిరుగుతుంది. ట్యూమర్ రక్తనాళాలకి సందులెక్కువ, అక్కడ కారి చేరుతుంది. గుండె నాళాల్లో అలాంటి సందులుండవు.

మరి నిజంగా ట్యూమర్‌కి చేరుతోందా? 2001లో లండన్ పరిశోధకులు ఇవే తరహా సంచుల్లో మందు బదులు రేడియోధార్మిక ఇండియం పెట్టి 17 మంది రోగుల్ని గామా కెమెరాతో చూశారు. 15 మందిలో ట్యూమర్ వెలిగింది. కానీ ఎక్కించిన దాంట్లో అక్కడికి చేరింది 0.5 నుంచి 3.5 శాతమే. మనిషి మనిషికీ అంత తేడా! "క్యాన్సర్‌ని వెతికి కొట్టే నానో క్షిపణి" అనే హెడ్డింగులు చూస్తే నాకు నవ్వొచ్చేది ఇందుకే. ఈ సంచి అసలు గొప్పదనం ట్యూమర్‌ని వెతకడంలో లేదు, గుండె జోలికి పెద్దగా పోకపోవడంలో ఉంది.

అదీ ఊరికే రాలేదు. గుండెకి తప్పిన బాధ కొంత అరచేతులకి, అరికాళ్లకి వచ్చింది. కొందరికి చర్మం ఎర్రబడి, మండి, పొరలు ఊడుతుంది. అప్పుడు డోసు తగ్గించో, డోసుకీ డోసుకీ మధ్య ఎడం పెంచో నెట్టుకొస్తారు.