గోడల్లేని జైలు... స్టూవర్టుపురం

చీరాలలో రైలెక్కి బాపట్ల వైపు వెళ్తుంటే దారిలో ఓ చిన్న స్టేషన్ వస్తుంది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు... స్టూవర్టుపురం. ఒకప్పుడు ఆ బోర్డు కనబడగానే బోగీలో పెద్దవాళ్లు కిటికీ తలుపులు దించేసేవారట. ఆడవాళ్లు మెళ్లో గొలుసులు పైట చాటున దాచుకునేవారట. ఆ ఊరి పేరు చెబితే తెలుగునాట ఎవరికైనా ముందు గుర్తొచ్చే మాట ఒక్కటే... దొంగలు. అసలు అది ఊరుగా పుట్టలేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ప్రభుత్వం ఒక చట్టం చేసి, కొన్ని వందల కుటుంబాలను తెచ్చి పెట్టిన నిర్బంధ శిబిరం అది. ఒక్కముక్కలో చెప్పాలంటే జైలు.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును 2016లో మ్యూజియంగా మార్చారు. అయిదొందలు కడితే ఒకరోజు ఖైదీగా ఉండొచ్చన్న పథకం అప్పట్లో పేపర్లన్నిటికీ ఎక్కింది. వరంగల్లో 1886 నాటి సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం కూలగొట్టారు. స్టూవర్టుపురానికి ఆ రెండు యోగాలూ లేవు. గోడలుంటేగా, కూల్చడానికి!

ఉప్పు మోసిన దారులు

ఎరుకలవాళ్లంటే మనకు తెలిసింది బుట్టలల్లేవాళ్లు, సోది చెప్పే అమ్మలు. అంతకుముందు వాళ్లలో చాలామంది వర్తకులు. కోస్తాలో పండిన ఉప్పును ఎడ్ల మీదా గాడిదల మీదా వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లేవారు. అక్కడ ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవారు. 'ఉప్పు ఎరుకల' అని వాళ్లలో ఒక శాఖకు పేరే ఉంది. చినగంజాం ఉప్పుకొటార్లు ఈ ప్రాంతం వాళ్లకు కొత్త కాదు కాబట్టి ఆ వ్యాపారం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

పంతొమ్మిదో శతాబ్దం ఆ బతుకును తలకిందులు చేసింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. రైలొచ్చింది. గాడిద మోసే బరువెంత, గూడ్సుబండి మోసే బరువెంత? అడవి చట్టాలొచ్చి వెదురుకూ, పశువుల మేతకూ అడ్డుపడ్డాయి. 1876-78 నాటి ధాత కరువు మిగిలింది ఊడ్చేసింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ తెగల మీద పరిశోధించి 2001లో పుస్తకం వెలువరించారు. వర్తకం పోగొట్టుకున్న సంచారులే పోలీసుల కళ్లకు పుట్టుదొంగలుగా కనబడ్డారని ఆమె వాదన. ఆకలికి దొంగతనాలు చేసినవాళ్లు లేరని కాదు. ఉన్నారు. కానీ చట్టం వాళ్లొక్కళ్లనే పట్టుకోలేదు.

పుట్టుకే నేరం

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట్లో అది ఉత్తరాదికే పరిమితం. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఒక తెగను 'నేరస్థ తెగ' అని ప్రభుత్వం గెజిట్లో ప్రకటిస్తే చాలు. ఆ తెగవాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కేవి. వేలిముద్రలు తీసుకునేవారు. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. ప్రకటన తప్పని కోర్టుకెక్కే వీల్లేదు. మామూలు జైలుకు వెళ్లాలంటే ఏదో ఒక నేరం రుజువు కావాలి కదా. ఇక్కడ ఆ అవసరం లేదు. మామూలు శిక్షకు ఓ గడువు ఉంటుంది. దీనికి అదీ లేదు.

అలా ప్రకటించిన తెగలను ఒకచోట కట్టిపడేయడానికి పుట్టినవే సెటిల్‌మెంట్లు. నిర్వహణ బాధ్యతను కొన్నిచోట్ల మిషనరీలకు అప్పగించారు. బాపట్ల దగ్గర ఆ పని సాల్వేషన్ ఆర్మీ చేతికొచ్చింది. మన దేశంలో దాన్ని నడిపిన బూత్ టక్కర్ మొదట ఐసీఎస్ అధికారి. ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి. నేరాన్ని జబ్బులా నయం చేయొచ్చని నమ్మి, ఆ వైద్యానికి 'క్రిమినోక్యూరాలజీ' అని ఓ పేరు కూడా పెట్టాడు. గోరఖ్‌పూర్‌లో 1908లో మొదలైన ప్రయోగం మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇక్కడికి చేరింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఈ కొత్త 'పురానికి' పెట్టారు.

అప్పటి లెక్కలో ఇది ఉదారమైన ఆలోచనే. సంకెళ్లు, గానుగ, రాళ్లు కొట్టడం... జైలంటే అవే అనుకునే కాలంలో పొలం ఇస్తాం, బడి పెడతాం, పని నేర్పుతాం అన్నారు. శిక్షకు బదులు సంస్కరణ అన్న మాట అధికారిక నివేదికల్లో గట్టిగా వినబడింది 1919-20 నాటి జైళ్ల కమిటీతోనే. స్టూవర్టుపురం అంతకన్నా ముందే మొదలైంది. కానీ సంస్కరణ పేరుతోనే తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లల్ని వేరుచేసే అధికారాన్నీ చట్టం ప్రభుత్వానికి కట్టబెట్టింది. పని నేర్పడం వెనక మరో లెక్క కూడా ఉంది. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ వెలిశాక సెటిల్‌మెంటు జనం అక్కడ కూలీలయ్యారు. మానేసి పోదామన్నా పోలేని కూలీలు ఏ యజమానికి చేదు?

పేరాల కదిలింది... వీళ్లు కదల్లేదు

సరిగ్గా ఆ రోజుల్లోనే కొద్ది మైళ్ల దూరంలో చరిత్రకెక్కిన ముచ్చట ఒకటి జరిగింది. చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి, నాలుగు వేల రూపాయల పన్నును నలభై వేలు చేసింది సర్కారు. జనం కట్టం పొమ్మన్నారు. జైలుకెళ్లినవారిలో రావూరి అలివేలుమంగమ్మ అనే మహిళ కూడా ఉన్నారు. 1921లో గాంధీజీ వచ్చి వెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లకు తాళాలేసి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకున్నారు. పందిళ్లలో, పాకల్లో పదకొండు నెలలు కాపురం చేశారు. దుగ్గిరాలను ఏడాది పాటు తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు.

ఆ కథ మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. పన్నుకు నిరసనగా ఒక ఊరు ఊరంతా లేచిపోయిన ఆ ఏడాదే, పక్కనే ఇంకో ఊరి జనం చీరాల సంతకు వెళ్లాలన్నా అనుమతి చీటీ కావాల్సి వచ్చింది. దుగ్గిరాలకు ఏ తేదీన విడుదలో తెలుసు. వీళ్లకు తెలియదు. ఈ రెండు ఊళ్ల సంగతీ పక్కపక్కనే పెట్టి చెప్పిన పాఠం మాత్రం నాకెక్కడా కనబడలేదు.

చట్టం పోయినా...

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశం మొత్తం మీద అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫార్సుల తర్వాత 1952 ఆగస్టు 31న పోయింది. ఆ తెగలు ఇప్పటికీ ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి. కానీ వెనకాలే 'అలవాటు నేరస్థుల' చట్టాలొచ్చాయి. తెగ పోయి మనిషి వచ్చాడు, నిజమే. పాత రిజిస్టర్లు ఉన్న పోలీసులకు కొత్త మనుషులను వెతుక్కోవాల్సిన పనేముంది? ఎక్కడ తాళం పగిలినా జీపు ముందు ఇక్కడికే వచ్చేది.

1970లలో ఆ దారి మార్చే ప్రయత్నం చేసినవారు విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత దంపతులు. ఆయన గోరా కొడుకు. ఆమె మహాకవి జాషువా కూతురు. 1960లో చంబల్ లోయలో వినోబా ముందు బందిపోట్లు లొంగిపోయిన ఘట్టం వాళ్లకు ప్రేరణ. స్టూవర్టుపురం, సీతానగరం, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్ప... ఈ పాత సెటిల్‌మెంట్లన్నిటికీ తిరిగారు. తుపాకీ లేకుండా, బైబిలూ లేకుండా వచ్చిన సంస్కర్తలు వీళ్లు. గుమ్మంలో కూర్చుని మాట్లాడారు. ఇటు దొంగతనం మానమని వీళ్లకు, అటు అనుమానం మానమని పోలీసులకు చెప్పారు. రెండో పనే ఎక్కువ కష్టమని నా అనుమానం. హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు.

సినిమాలకు మాత్రం ఆ ఊరి మీద మోజు తీరలేదు. 1991లో ఒకే ఏడాది 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దాని టీజర్ తమ ఊరినీ, ఎరుకల జాతినీ కించపరిచేలా ఉందంటూ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. ఆ ఊళ్లో టీచర్లున్నారు, ప్రభుత్వోద్యోగులున్నారు. వాళ్ల మీద సినిమా తీయడానికి ఎవరూ రాలేదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లో 'నేరస్థ తెగలు', 'సంచార తెగలు' అన్న మాటలు ఇంకా ఉన్నాయని గుర్తించి, కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచే పద్ధతులనూ వాటితో పాటే కొట్టేసింది. ఏదో ఒక తెగలో పుట్టినంత మాత్రాన ఎవరినీ అలవాటు నేరస్థులుగా చూడకూడదంది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. నిబంధనలు సవరించడానికి రాష్ట్రాలకు మూడు నెలలు గడువిచ్చింది. చట్టం రద్దయి అప్పటికి డెబ్భై రెండేళ్లు.