డిక్కీ తలుపునకు పట్టిన తుప్పు

తెలుగు పాఠము చెప్పువానికి ఇనుముతో ఏమి పని యని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఈ వ్యాసమును రసాయనశాస్త్ర శాఖవారు వ్రాయుటయే న్యాయము. కాని తుప్పు పట్టినది వారి కారునకు కాదు, నా కారునకు. అందుచేత వారిని అడిగి తెలిసికొన్నదియు, పనివారి చెంత నిలిచి చూచినదియు కలిపి నేనే వ్రాయుచున్నాను.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. నిఘంటువులలో 'త్రుప్పు' అని కనబడునదే వాడుకలో తుప్పు. రాగి, ఇత్తడి పాత్రలకు పట్టు పచ్చని పొరను చిలుమందుము. మన ఇండ్లలో 'జంగు పట్టింది' అను మాట ఫారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. ఉర్దూలో తుప్పును తెలుపు జంగునకును, యుద్ధమును తెలుపు జంగునకును మొదటి అక్షరము వేరు. తెలుగు లిపిలో రెండును ఒకటైపోయినవి. నా అనుభవములో అర్థమునందు కూడ పెద్ద భేదము కనబడలేదు.

2019లో నేనొక పాత కారును కొంటిని. చిన్న బండి. వెనుక తలుపు అద్దముతో సహా పైకి లేచును. మచిలీపట్నపు గాలిలో ఉప్పుండునని తెలియును గాని, అది బండి రేకునకు ఎంతటి శత్రువో నాకప్పుడు తెలియదు. మరుసటి సంవత్సరము నంబరు పలక క్రింద శనగగింజంత బుడిపె కనబడెను. ఒక షెడ్డులో చూపితిని. "పైపైనే సార్, లప్పం పెట్టి రంగు కొడితే కొత్తదే" అని వారు రెండు వేల రూపాయలు తీసికొని సాయంకాలమునకు బండి నిచ్చిరి. నిజముగనే కొత్తదివలె నుండెను. ఒక్క వర్షాకాలము గడచునప్పటికి అదే చోట అరచేయంత మేర రంగు ఉబ్బినది.

దానిని నేను పట్టించుకొనలేదు. 2021లో మా అమ్మగారికి గుండె జబ్బు వచ్చుటచే నెలకొకసారి విజయవాడకు తీసికొనిపోవలసివచ్చెను. ఆమె వెనుక సీటులో ఒరిగి కూర్చుండెడివారు. "బేటా, పొగ వాసన వస్తోంది, తల పట్టేస్తోంది" అని రెండు మూడు పర్యాయములు చెప్పిరి. దారిలోని లారీల పొగ యనుకొని కిటికీ అద్దములు మూసితిని. ఒక ఆదివారము బండి కడుగుచు ఆ ఉబ్బిన చోట బొటనవ్రేలితో నొక్కగా వ్రేలు లోపలికి పోయినది.

ఈ సంగతి చదువరులు గుర్తించవలెను. పరుగెత్తు బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గును. బండి వెనుక భాగమున దుమ్ము అంతగా పేరుకొనుటకు కారణమిదియే. పొగగొట్టము నుండి వెలువడిన వాయువులు ఆ సుడిలో చిక్కి, డిక్కీ తలుపునకు రంధ్రమున్నను, దాని చుట్టునున్న రబ్బరు పట్టీ చెడినను లోపలికి చొరబడును. మనకు తెలియు వాసన వేరు వాయువులది. వాటితోపాటు వచ్చు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. గుండె జబ్బున్న మనిషిని అట్టి బండిలో డెబ్బది కిలోమీటర్లు అద్దములు మూసి తీసికొనిపోయితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇనుము ఏల తుప్పు పట్టును? నీరును, ప్రాణవాయువును రెండును ఉన్ననే పట్టును. ఒకటి లేకున్న పట్టదు. ఇంతవరకు పాఠశాలలో చదివినదే. కేంబ్రిడ్జికి చెందిన యు.ఆర్. ఇవాన్స్ గారి పేర ప్రసిద్ధమైన ప్రయోగమొకటి కలదు. శుభ్రమైన ఇనుప రేకుపై ఒక ఉప్పునీటి బొట్టు ఉంచవలెను. బొట్టు అంచునకు గాలి బాగుగా తగులును, నడుమకు తక్కువ. గాలి తగిలిన చోటనే ఇనుము చెడునని మనము ఊహింతుము. జరుగునది అందుకు విరుద్ధము. నడుమనున్న ఇనుము ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరగును. ఆ ఎలక్ట్రానులు రేకు గుండా అంచునకు పోయి అచటి నీటితోను ప్రాణవాయువుతోను కలిసి హైడ్రాక్సైడు అయానులగును. ఈ రెండును ఎదురైన చోట ఎఱ్ఱని తుప్పు పేరుకొనును. అనగా తుప్పు కనబడు చోటు వేరు, లోహము తినబడు చోటు వేరు. ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రసరించుటచే సముద్రతీరమున ఈ పని వేగముగా సాగును.

లప్పము క్రింద జరిగినదిదియే. తడిని, ఉప్పును లోపల ఉంచి పైన కప్పుటచే గాలి అందని మూలలో లోహము మరింత లోతుగా తినబడినది. తుప్పు తాను తినిన ఇనుముకన్న రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించును గనుక పై రంగు ఉబ్బును. మనకు బుడిపె కనబడునప్పటికి లోపలి పని చాలవరకు పూర్తియైయుండును.

డిక్కీ తలుపునకే ఈ బాధ ఎక్కువగుటకు దాని నిర్మాణమే కారణము. అది ఒకే రేకు కాదు. లోపలి రేకు అంచుపై బయటి రేకును మడిచి నొక్కెదరు. ఆ మడతలోనికి రంగు సరిగా చేరదు, చేరిన నీరు బయటికి రాదు. అద్దపు రబ్బరు ప్రక్క నుండియు, నంబరు పలక మరల రంధ్రముల నుండియు, అచటి చిన్న దీపము చుట్టునుండియు నీరు లోపలికి దిగుచుండును. అది పోవుటకే తలుపు అడుగున చిన్న రంధ్రములుంచుదురు. దుమ్ము చేరి అవి పూడినచో తలుపు కుండయగును.

విజయవాడ ఆటోనగరులో లారీ బాడీలు కట్టు ఒక పెద్దాయన నా బండి చూచి, "తుప్పుకి దుప్పటి కప్పారు మాస్టారూ" అనిరి. ఆయన చేసిన పని మూడు దినములు పట్టెను. మొదట లోపలి అట్ట విప్పి దీపము వేసి చూచిరి. నేను బయట చూచినది అరచేయంత, లోపల మూరెడు. మరలు త్రిప్పు స్క్రూడ్రైవరుతో పొడిచి, దిగబడిన మేరయంతయు గుర్తు పెట్టి, మెరయు ఇనుము తగులువరకు కోసిరి. బ్యాటరీ తీగ విప్పి, వెల్డింగు నిప్పురవ్వలకు అంటుకొనునవి యన్నియు తొలగించిన పిమ్మటనే అంతే మందము గల కొత్త రేకును అతికిరి. కారు రేకు మందము ఒక మిల్లీమీటరైనను ఉండదు. ఒకేచోట ఎక్కువసేపు కాల్చిన వంకర పోవును. కనుక చుక్క చుక్కగా ఆపి ఆపి అతుకవలెను.

చుట్టునున్న రేకుపై గుంటలలో మిగిలిన సన్నని తుప్పునకు ఒక ద్రవము పూయగా అది నలుపెక్కెను. ఇది నాకు ఆశ్చర్యము కలిగించినది. ఏలయనగా ఈ నలుపును మన ప్రాంతము ఎన్నడో ఎఱుగును. పెడనలోను మచిలీపట్నములోను కలంకారీ పనివారు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ నీటిని కరక్కాయ రసములో ముంచి ఆరవేసిన గుడ్డపై అద్దుదురు. కరక్కాయలోని టానిను ఇనుముతో కలిసి నీట కరగని నల్లని పదార్థమగును. అన్నభేది, కరక్కాయ కలిపి పూర్వులు చేసిన సిరాయు ఇట్టిదే. తుప్పును మార్చు మందులలో పెక్కింట టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉండును. అయితే ఇది రేకును గట్టిగా అంటిన పలుచని తుప్పునకే పనిచేయును. పొరలుగా రాలు తుప్పునకు, రంధ్రమునకు దీనిని పూయుట డబ్బు దండుగ.

ఆ తరువాత ప్రైమరు. ఎఱ్ఱని రెడాక్సైడు ప్రైమరులోని వర్ణద్రవ్యము ఐరన్ ఆక్సైడే, అనగా తుప్పునకు దగ్గరి చుట్టమే. నీటిని ఆపుటలో దానికన్న ఎపాక్సీ ప్రైమరు మేలు. ప్రైమరు ఆరిన పిదపనే లప్పము పలుచగా పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, రంగు వేయవలెను. లప్పము తడిని పీల్చును గనుక దానిని నేరుగా ఇనుముపై పెట్టరాదు. మొదటి షెడ్డులో జరిగిన పొరపాటులలో ఇదియొకటి. చివరగా తలుపు లోపల మైనము కలిసిన నూనె కొట్టిరి. అడుగు రంధ్రములు మూసికొనకుండ పెద్దాయన స్వయముగా చూచిరి. రబ్బరు పట్టీ కొత్తది. మొత్తము తొమ్మిదివేల అయిదువందలు. మొదటే ఇట్లు చేయించియున్న ఇందులో సగమైనను కాకపోవును.

రంగు మాత్రమే గీచుకొనిపోయి ఇనుము ఇంకను మెరయుచుండగనే రుద్ది ప్రైమరు వేసికొన్న ఇంటివద్దనే అరపూటలో ముగియును. తడి బండిపై ప్లాస్టిక్ పట్టా కప్పువారు పెక్కురు. అది లోపలి తేమను పోనీయదు, కప్పకుండుటయే మేలు.

పాలకవర్గమువారికొక మనవి. మన కళాశాల వ్యాను వెనుక తలుపున ఎడమ బందు క్రింద రెండు బుడిపెలు నేను చూచితిని. వెనుక వరుసలో కూర్చుండువారు మొదటి సంవత్సరపు పిల్లలు. వేసవి సెలవులలో లోపలి అట్ట విప్పించి చూడవలెను. రంగు వేయించుట తరువాతి మాట.

నా బండిలో ఒక కొబ్బరి ఈనె ఎల్లప్పుడు ఉండును. గడచిన తుపాను మరునాడు దానితో డిక్కీ అడుగున పొడువగా, కుడివైపు రంధ్రము నుండి గ్లాసెడు నీరు కారినది.