ఎనిమిది ప్రసారకేంద్రాలు మోసే విమానం

ఇంజనులోని స్పార్క్ ప్లగ్‌కూ, తొలితరం రేడియో ట్రాన్స్‌మిటర్‌కూ మూలసూత్రం ఒక్కటే. 1880ల చివర్లో జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరంలో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి చూపడానికి వాడుకున్నది రెండు లోహపు గుండ్ల నడుమ ఎగిరిపడే విద్యుత్ రవ్వనే. ఆ తరువాత మార్కొనీ సముద్రాలు దాటించిన సందేశాలకు వాహనమైనదీ అటువంటి రవ్వే. 1902లో బాష్ కంపెనీ ఇంజనీరు గోట్‌లోబ్ హోనోల్డ్ హై టెన్షన్ మాగ్నెటోను రూపొందించడంతో అదే రవ్వ పెట్రోలు ఇంజనులో నమ్మకంగా మంట రాజేసే పనికి కుదురుకుంది. 1910 ఆగస్టులో మెక్‌కర్డీ అనే కెనడా విమానచోదకుడు న్యూయార్క్‌లోని షీప్స్‌హెడ్ బే మీద ఎగురుతూ నేలకు రేడియో సందేశం పంపినప్పుడు ఈ రెండు రవ్వలూ ఒకే విమానంలో చేరాయి. ఒకటి మాట పంపేది, రెండోది ఇంజను నడిపేది. ఆనాటి నుంచి మొదలైన తగాదా, పాత తేలికపాటి విమానాల్లో నేటికీ చెవిఫోన్లలో గరగరగా వినిపిస్తూనే ఉంది.

ఈ తగాదాను దగ్గరగా చూడటానికి పైపర్ జె-3 కబ్ తగిన విమానం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లాక్ హేవెన్ అనే చిన్న పట్టణంలో 1938 నుంచి 1947 వరకు దాదాపు ఇరవై వేల కబ్‌లు తయారయ్యాయి. ఉక్కు గొట్టాల చట్రం మీద నూలుగుడ్డ బిగించి, ముందు 65 హార్స్‌పవర్ ఇంజను తగిలించిన ఈ రెండు సీట్ల విమానంలో బ్యాటరీ లేదు, జనరేటర్ లేదు, స్టార్టర్ లేదు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజనును లేపవలసిందే. ఎక్కువ కబ్‌లలో కనిపించే కాంటినెంటల్ ఎ-65 ఇంజనుకు నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి కరెంటునిచ్చే రెండు మాగ్నెటోలు ఉంటాయి. మాగ్నెటో అంటే బయటి విద్యుత్తు ఏదీ అవసరం లేకుండా తనలో తిరిగే అయస్కాంతంతోనే కరెంటు పుట్టించుకునే యంత్రం. అందులోని ప్రధాన తీగచుట్టలో ప్రవహించే కరెంటును పాయింట్లు అనే కాంటాక్టులు తటాలున తెంచుతాయి. అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కుదుపుకు వేలాది చుట్లున్న రెండో తీగచుట్టలో పది, ఇరవై వేల వోల్టులు లేచి, ప్లగ్ కొననున్న సన్నని సందును దూకుతాయి.

ఇంజను నిమిషానికి 2,300 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రతి చుట్టుకూ రెండు సిలిండర్లు మండుతాయి కనుక సెకనుకు సుమారు 77 మంటలు, ఒక్కో మంటకు రెండు ప్లగ్‌ల చొప్పున 150కి పైగా రవ్వలు పుడతాయి. ప్రతి రవ్వలోనూ కరెంటు సెకనులో కోటివంతు కన్నా తక్కువ కాలంలో సున్నా నుంచి శిఖరానికి ఎగబాకుతుంది. ఇంత నిటారుగా లేచే కరెంటు ఒక్క పౌనఃపున్యంలో కాక, మీడియం వేవ్ మొదలు టెలివిజన్ తరంగాల దాకా అన్నింటిలోనూ శక్తిని చిమ్ముతుంది. పైగా ఒక దురదృష్టకరమైన కొలత కూడా కలిసివచ్చింది. నేటి విమానాల సంభాషణలు సాగే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ పట్టీలో తరంగదైర్ఘ్యం సుమారు 2.4 మీటర్లు, అందులో నాలుగోవంతు, అంటే రెండడుగుల తీగ, ఆ తరంగాలకు చక్కని యాంటెన్నా అవుతుంది. చిన్న ఇంజనులో మాగ్నెటో నుంచి ప్లగ్‌కు వెళ్లే తీగల పొడవు కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. కవచం లేని కబ్ ఎనిమిది ప్రసారకేంద్రాలను మోసుకుంటూ ఎగురుతోందనడం ఇంజనీరింగ్ లెక్క ప్రకారమే సరైన మాట.

ఈ గొడవ విమానాలకే పరిమితం కాదని తెలుగు ఇళ్లలో ఒక తరమంతా ఎరుగును; ఆకాశవాణి వార్తలు మీడియం వేవ్ మీద వింటున్న వేళ వీధిలో స్కూటర్ వెళ్తే రేడియో బరబరమనేది ఈ రవ్వ వల్లనే. మీడియం వేవ్ ప్రసారాలు వాడే ఏ.ఎం. పద్ధతిలో మాటను తరంగపు ఎత్తుపల్లాలలో దాచి పంపుతారు, రవ్వ కూడా ఆ ఎత్తునే కుదుపుతుంది, అందువల్ల రిసీవర్‌కు మాటకూ రవ్వకూ తేడా తెలియదు. ఎత్తును వదిలి పౌనఃపున్యపు మార్పులలో మాటను దాచే ఎఫ్.ఎం. పద్ధతికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆలివ్ రంగు పూసుకుని ఫిరంగి గుళ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చెప్పిన సైనిక కబ్‌లు వాడినది ఫిరంగిదళపు ఎఫ్.ఎం. సెట్లనే. అయినా పౌరవిమానయానం ఏ.ఎం.నే పట్టుకుని ఉండటానికి బలమైన కారణముంది: ఎఫ్.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, ఏ.ఎం.లో రెండూ కలిసి కీచుమంటాయి కనుక ఇంకెవరో మాట్లాడబోయారని కంట్రోలర్‌కు కనీసం తెలుస్తుంది. భద్రత కోసం ఎంచుకున్న పద్ధతికి గరగరను భరించడం కట్టిన సుంకమన్నమాట.

గరగర ప్రాణాల మీదకు వచ్చినది 1920ల చివర్లో. అమెరికాలో తపాలా విమానాలకు దారి చూపడానికి నెలకొల్పిన రేడియో రేంజ్ కేంద్రాలు తక్కువ పౌనఃపున్యాల మీద మోర్స్ సంకేతాలలో ఒకవైపు 'ఎ', మరోవైపు 'ఎన్' అక్షరాన్ని పంపేవి. విమానం సరైన దారిలో ఉంటే రెండూ కలిసి ఎడతెగని ఒకే స్వరంగా వినిపించేవి. మబ్బులో నేల కానరాని చోదకుడికి ఆ స్వరమే దారి. ఇంజను రవ్వల రొద ఆ స్వరాన్ని కప్పేస్తే దారి కూడా పోతుంది. వాషింగ్టన్‌లోని బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఈ చిక్కును చేపట్టింది, ఆ సంస్థకు చెందిన హ్యారీ డైమండ్, ఎఫ్. జి. గార్డ్‌నర్ విమానాల్లో ఇగ్నిషన్ కవచం గురించి 1930లో పరిశోధనాపత్రం ప్రచురించారు. రిసీవర్‌ను ఎంత మెరుగుపరిచినా లాభం తక్కువ. రొద పుట్టే చోటనే దాన్ని బంధించాలి, అంటే మాగ్నెటో, తీగలు, ప్లగ్‌లు, స్విచ్ మొత్తాన్నీ ఎక్కడా సందులేని లోహపు తొడుగులో పెట్టాలి అన్నది ఆ దశలో స్థిరపడిన ఆలోచన. లోహపు తొడుగు లోపలి తీగ చిమ్మిన శక్తి తొడుగు లోపలి గోడ వెంట తిరిగి మాగ్నెటోకే చేరుతుంది, బయటికి పొక్కదు. తొడుగులో వేలెడు తెరిపి ఉన్నా, ఒక నట్టు వదులైనా, శ్రమంతా వృథా.

వైద్యం కొత్త రోగాలను తెచ్చింది. తీగ చుట్టూ లోహం చేరగానే ఆ జంట కెపాసిటర్‌లా విద్యుదావేశాన్ని నిల్వ చేసుకోవడం మొదలుపెట్టింది. రవ్వ దూకినప్పుడల్లా ఆ నిల్వంతా ఒక్కసారిగా ప్లగ్ మీదకు విరుచుకుపడి ఎలక్ట్రోడ్లను అరగదీసింది. అందుకే విమానపు ప్లగ్‌ల కడుపులో వెయ్యి ఓమ్‌ల స్థాయి నిరోధాన్ని అమర్చారు. కారు ప్లగ్‌లలోని నిరోధం ప్రధానంగా రేడియో కోసమైతే, విమానపు ప్లగ్‌లో అది మొదట ప్లగ్ ఆయుష్షు కోసం వచ్చింది. కవచమున్న ప్లగ్ రూపమే వేరు: మామూలు ప్లగ్‌లో తెల్లని పింగాణీ తల బయటికి కనబడుతుంది, దీనిలో ఆ పింగాణీ చుట్టూ లోహపు గొట్టం పైదాకా లేచి, తీగ తొడుగు చివరి నట్టును తన మరల మీద బిగించుకుంటుంది. ఆ గొట్టంలోకి దిగే తీగ కొనకు స్ప్రింగు మూతి ఉన్న సన్నని తెల్లని ఇన్సులేటర్ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని 'సిగరెట్' అంటారు, చూడటానికి అలాగే ఉంటుంది కూడా. దాన్ని ఒట్టి చేత్తో తాకకూడదన్నది వారి నియమం, ఎందుకంటే వేలి చెమట మిగిల్చిన పొరే తరువాత అధిక వోల్టేజీకి పక్కదారి అవుతుంది.

కబ్‌ను తయారు చేసినవారు ఈ ఖర్చంతా పెట్టుకోలేదు, పెట్టుకోవలసిన పనీ లేదు. చిన్న మైదానాల్లో పగటిపూట ఎగిరి దిగే శిక్షణ విమానానికి రేడియో ఎందుకు? కంట్రోల్ టవరు ఉన్నచోట దిగవలసివస్తే టవరు చూపే ఆకుపచ్చ, ఎర్ర దీపాలే చాలు. బెంగళూరులో ఘాట్గే అనే ఇంజనీరు నాయకత్వంలో రూపొంది 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్, మన దేశపు ఫ్లైయింగ్ క్లబ్బులకు అందిన విమానం, ఇదే వంశానికి చెందినది: గుడ్డ కప్పిన దేహం, కాంటినెంటల్ కంపెనీదే 90 హార్స్‌పవర్ ఇంజను. నేడు ఇటువంటి విమానాన్ని రద్దీ విమానాశ్రయం పక్కన ఎగరేయాలంటే రేడియో తప్పదు. చేతిలో పట్టే బ్యాటరీ సెట్టు తెచ్చి ఆన్ చేయగానే ఎనిమిది ప్రసారకేంద్రాలూ ఒక్కసారిగా పలుకుతాయి. సంకేతం లేనప్పుడు రిసీవర్ నోరు మూసే స్క్వెల్చ్ అనే ఏర్పాటు ఈ గరగరను సంకేతంగా పొరబడి తెరుచుకుంటుంది. చోదకుడు విసిగి స్క్వెల్చ్‌ను బిగిస్తే గరగరతో పాటు దూరపు టవరు మాట కూడా ఆగిపోతుంది.

జనరేటర్ లేకపోవడం ఇక్కడ ఒక వరం, ఎందుకంటే నిందితుల సంఖ్య తగ్గుతుంది. ఇంజను ఆపగానే రొద ఆగిందంటే అది ఇగ్నిషన్ పనే. ఇంజను మందంగా, నిమిషానికి ఆరువందల చుట్లతో తిరుగుతున్నప్పుడు సెకనుకు ఇరవై చొప్పున టకటకలు వినిపించి, థ్రాటిల్ తోయగానే అవి కలిసిపోయి బుర్రుమంటే సందేహమే ఉండదు. స్విచ్‌ను ఎడమ మాగ్నెటోకు, తరువాత కుడి మాగ్నెటోకు తిప్పితే ఏది ఎక్కువ గోల చేస్తోందో తేలుతుంది. తీగలకూ ప్లగ్‌లకూ కవచం వేయడం ప్రధాన చికిత్స; అయితే గుడ్డ దేహం వల్ల మిగిలే పనులున్నాయి. లోహపు విమానంలో రేకే ఇంజనుకూ యాంటెన్నాకూ నడుమ గోడగానూ, యాంటెన్నాకు నేలగానూ పనిచేస్తుంది, కబ్‌లో ఆ నేల లేదు కనుక గుడ్డ కింద రెండడుగుల రేకు పట్టీలను నలువైపులా పరిచి దాన్ని సృష్టించాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు విద్యుత్తును పోనివ్వదు, అందుచేత ఇంజనుకూ చట్రానికీ మధ్య రాగి తీగల అల్లికను పట్టీలా బిగించాలి. వానలో, మంచులో ఎగిరే వేగవంతమైన విమానాల దేహం మీద స్థిరవిద్యుత్తు పేరుకుని వచ్చే రొద వేరే జాతిది. దాన్ని రెక్కల వెనుక అంచున ఉండే కుచ్చులు గాలిలోకి వదిలేస్తాయి. నింపాదిగా, ఎండపూట ఎగిరే కబ్‌కు దానితో పెద్దగా పని పడదు.

ఇంత చేశాక కూడా సన్నని గరగర మిగిలితే మెకానిక్ చెయ్యి నేరుగా పి-లీడ్ మీదకు వెళ్తుంది. మాగ్నెటోలోని ప్రధాన తీగచుట్ట నుంచి కాక్‌పిట్‌లోని స్విచ్ దాకా వచ్చే తీగకు అది వాడుక పేరు. వేల వోల్టులు దీనిలో లేవు కాబట్టి దీని మీదకు అనుమానం త్వరగా పోదు. కానీ పాయింట్లు తెగినప్పుడల్లా పుట్టే కుదుపు దీని వెంట ఇంజను గది దాటి, చోదకుడి ముందు పలకలోకి, రేడియోకు అతి దగ్గరగా వచ్చేస్తుంది. దీనికి అల్లిక తొడుగున్న తీగ వేసి, ఆ అల్లికను మాగ్నెటో దేహానికి గట్టిగా కలిపి, రెండో కొనను విమానపు చట్రానికి కాక స్విచ్‌లోని గ్రౌండ్ మరకు బిగిస్తారు. పని చిన్నదే గాని తీగ చిన్నది కాదు. మాగ్నెటోను ఆపే పద్ధతి కరెంటు తెంచడం కాదు, ఈ పి-లీడ్‌ను గ్రౌండ్ చేయడం, అంటే లోహపు దేహానికి కలపడం. అది తెగినా, నట్టు వదులై జారినా స్విచ్ 'ఆఫ్' అని చూపుతున్నా మాగ్నెటో బతికే ఉంటుంది. అందుకే గరగర వేట ముగించిన మెకానిక్ రేడియో వినకముందే ఇంజనును మందంగా తిప్పి, స్విచ్‌ను ఒక్క క్షణం 'ఆఫ్'కు తెచ్చి, రవ్వ నిజంగా ఆగుతున్నదా అని చూస్తాడు. స్టార్టర్ లేని ఆ విమానానికి మరుసటి ఉదయం ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి ప్రొపెల్లర్ మీద చేయి వేయవలసి ఉంటుంది.