కుక్క నడత: అదృష్టమా? శిక్షణా?

విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారిపైనున్న పరిటాల వంటి గ్రామాలలో ఇంటిని, మందను కాచే కుక్కలు సర్వసాధారణం. వాటిలో ఒకటి అతిథిని చూచి తోక ఊపితే, మరొకటి మీదపడి కరుస్తుంది. మంచి కుక్క దొరకడం యజమాని అదృష్టమని చెప్పుకోవడం పరిపాటి. అల్పుని స్వభావం మారదని చెప్పడానికి సుమతీ శతకకారుడు శునకాన్ని ఉపమానంగా గ్రహించాడు. ఆ నీతిని మనం కుక్కకే అన్వయించుకున్నాం.

జన్మగుణానికి ప్రభావం లేకపోలేదు. పిరికితనం, చురుకుదనం కొంతవరకు వంశపారంపర్యంగా సంక్రమిస్తాయి. అయితే అమెరికా శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రకటించిన గ్రంథంలో పెంపకానికున్న ప్రాధాన్యాన్ని వివరించారు. పుట్టిన 3వ వారం నుండి 12వ వారం వరకు కుక్కపిల్లకు మనుష్యుల సాంగత్యం అత్యవసరం. ఆ దశలో మనిషి స్పర్శ ఎరుగని పిల్లలు తరువాత మనిషిని చూచి బెదురుతాయి.

హైదరాబాదు సమీపంలోని మొయినాబాదులో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తారు. మేలుజాతి పిల్లను ఎంచుకోవడంతోనే అక్కడ పని ముగియదు. సంరక్షకుడు నెలల తరబడి దానిచేత సాధన చేయిస్తాడు. ఆజ్ఞ ఎల్లప్పుడూ ఒకే రీతిగా ఉండాలి. పాటించిన వెంటనే మెప్పు లభించాలి. ఒకనాడు ముద్దుచేసిన పనికే మరునాడు దండిస్తే కుక్కకు భయమే మిగులుతుంది. భయపడిన కుక్క కరవడానికి వెనుదీయదు.

కరచిన కుక్కను ఊరి వెలుపల విడిచివచ్చే యజమాని తన బాధ్యతను దాని పుట్టుకపై మోపుతున్నాడు. పుట్టుక అదృష్టాధీనం కావచ్చు. నడతకు మాత్రం పెంచినవారే చాలావరకు బాధ్యులు.