ప్రాడక్ట్ మేనేజరు: పేరు కాదు, పని చూడాలి

పాపిరెడ్డిపట్టి వైపు మన తెలుగు ఇండ్లలో ఈ మధ్య ఒక క్రొత్త మాట వినిపిస్తున్నది. పట్టా పుచ్చుకొన్న పిల్లలు బెంగుళూరులోనో, హోసూరులోనో "ప్రాడక్ట్ మేనేజరు" ఉద్యోగం చేయాలంటున్నారు. మేనేజరన్న మాట విని పెద్దలు మురిసిపోతున్నారు. ఉభయులకూ ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ ఉద్యోగికి సాధారణంగా చేతిక్రింద పనిచేసేవారు ఉండరు. ఒక వస్తువు ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, అందులో ఏ లోపం ముందుగా సరిచేయాలి అని తేల్చి, తయారుచేసేవారినీ అమ్మేవారినీ ఒక మాట మీదికి తేవడమే ఆయన పని. ఆజ్ఞాపించే అధికారం తక్కువ. ఒప్పించే నేర్పు కావాలి.

ఈ పద్ధతికి మూలం ఒక ఆఫీసు నోటు. అమెరికాలోని ప్రోక్టర్ అండ్ గాంబుల్ సబ్బుల కంపెనీలో 1931 మే నెలలో నీల్ మెకెల్రాయ్ అనే ఉద్యోగి దానిని వ్రాశారు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్కరు బాధ్యత వహించాలనీ, అమ్మకం పలుచగా ఉన్నచోటికి స్వయంగా వెళ్ళి దుకాణదారులనూ, వాడేవారినీ కలిసి కారణం కనుక్కోవాలనీ అందులోని సారాంశం. ఆయనే 1957లో అమెరికా రక్షణమంత్రి అయినారు.

ఈ పనికి మన సేలం సీమలోనే మంచి ఉదాహరణ ఉన్నది. యుద్ధకాలంలో విదేశపు సగ్గుబియ్యం రాక నిలిచిపోగా, 1943 ప్రాంతాల సేలంలో కర్రపెండలంతో దానిని చేయనారంభించారు. జనానికి కావలసినదేదో కనిపెట్టడమే అక్కడ జరిగినది.

చదువు ముగిసీ ముగియగానే ఈ ఉద్యోగం దొరకడం అరుదు. ముందుగా అమ్మకంలోనో, ఫిర్యాదులు వినే విభాగంలోనో, సాఫ్టువేరు పరీక్షించే పనిలోనో చేరి అనుభవం గడించడం మేలు. ఇంటర్వ్యూలో, "వాడేవారితో మాట్లాడే అవకాశం ఉంటుందా? ఏది ముందు చేయాలో నిర్ణయించేది ఎవరు?" అని వినయంగా అడగండి. జవాబును బట్టి అది పేరుకు తగిన పనియో కాదో తెలుస్తుంది.

ఈలోగా ఒక సగ్గుబియ్యం పొట్లం పట్టుకొని నాలుగు అంగళ్ళు, నాలుగిళ్ళు తిరిగి రండి. ఏది నచ్చినది, ఏది నచ్చలేదు, మీరైతే ఏమి మార్చుతారు అన్నది ఒక కాగితం మీద వ్రాయండి. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు గల మన పిల్లలకు నలుగురి మాట వినడం కష్టం కాదు.

పెద్దలకు ఒక మనవి: మేనేజరు పదవి కాదని చేతికందిన చిన్న పనిని మాన్పించి పిల్లలను ఇంట కూర్చోబెట్టకండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా సొమ్ము అడిగేవారికి ఒక్క కాసు కూడ ఇవ్వకండి.