వెబ్‌సైటులో పాప్-అప్ వాడుకొను విధము

మన సరకును వెబ్‌సైటు మూలమున అమ్మదలచు సంఘములు ఒక విషయము గుర్తుంచుకొనవలయును. పుట తెరచినంతనే దానిని కప్పుచు పైకి లేచు చిన్న తెరకు పాప్-అప్ అని పేరు. మితముగా వాడిన అది బేరమును పెంచును, మితిమీరిన చెరచును. అంగడి గుమ్మముననే అడ్డగించి ఫోను నంబరు అడిగినచో కొనువాడు ప్రక్క అంగడికి పోడా?

గూగుల్ సంస్థ 2017 జనవరి 10వ తేది నుండి, ఫోనుతెరపై విషయమును కప్పివేయు పుటలను వెదకులాటలో వెనుకకు నెట్టవచ్చునని నియమము పెట్టినది. సొమ్ము చెల్లించి వేయించిన ప్రకటన చేర్చు పుటలో కోరిన విషయమునకు పాప్-అప్ అడ్డు వచ్చినచో, ఆ ప్రకటననే నిరాకరింపవచ్చును. మన దేశమున 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 విధముల కపటపు పోకడలను నిషేధించెను. సరకు నిండుగ నుండగా "రెండు బస్తాలే మిగిలినవి" అని తొందరపెట్టుట అందొకటి.

కావున ఈ క్రింది పద్ధతులు పాటింపుడు:

1. కొనువాడు సరకును, ధరను చూచిన పిమ్మటనే పాప్-అప్ చూపవలయును.
2. అది తెరలో కొద్ది భాగమునే ఆక్రమింపవలయును.
3. మూయు గుర్తు స్పష్టముగా కనబడవలయును.
4. ఒకసారి మూసినవానికి వెంటనే మరల చూపరాదు.
5. అందలి ప్రతి మాటయు నిజమై యుండవలయును.

ప్రకటనకు సొమ్ము కట్టుటకు ముందు కార్యదర్శి తన ఫోనులో ఆ పుటను తెరచి చూడవలయును. తనకు విసుగు పుట్టించినది కొనువానికిని పుట్టించును. సంఘపు సొమ్ము సభ్యుల చెమట. దానిని వ్యర్థము కానీయరాదు.