వైనతేయ – నోరు తిరగని పేరా?

మొన్న ఆదివారం మా పాత శిష్యుడొకడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి ఆడపిల్ల పుట్టింది. భార్య పుట్టింట, అప్పనపల్లిలో ఉంది. బారసాల ఇంక మూడు రోజులే. ఈలోగా పేరు దగ్గర పేచీ వచ్చిందిట.

“వైనతేయట, మాస్టారూ! నలుగురూ పిలవాలా, వద్దా? హాయిగా గౌతమి అని పెట్టుకుంటే ఏం పోయింది?” అందావిడ.

“మీరు స్పెల్లింగు చెప్పండి, చాలు,” అన్నాడు శిష్యుడు.

ఆవిడ అన్నదీ నిజమే. కోనసీమలో గౌతమి అని పిలిస్తే వీధికొకరు పలుకుతారు. వైనతేయ అన్న పిల్ల కనిపించడం అరుదు. వశిష్ఠ గోదావరి నుంచి గన్నవరం దగ్గర చీలి, అప్పనపల్లి పక్కగా పారి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే పాయకి మాత్రం అదే పేరు. బోడసకుర్రు వంతెన మీద ఏరు దాటేవాళ్లకి ఆ మాట కొత్త కాదు. ఏటికి నోరు తిరిగినప్పుడు పిల్లకి తిరగదా?

“ఇంతకీ ఆ మాటకి అర్థమేమిటి?” అని అడిగిందావిడ.

అర్థం కావాలంటే నన్నయగారి ఆదిపర్వం చూడాలి. ఉచ్చైశ్రవం తోక రంగు మీద కద్రువ, వినత పందెం కాసుకున్నారు. కద్రువ తన కొడుకులైన పాములను తోకకి చుట్టుకోమంది. తెల్లని తోక నల్లగా కనిపించింది. వినత ఓడి సవతికి దాసి అయింది. ఆమె కొడుకు గరుత్మంతుడు అమృతం తెచ్చి తల్లి దాస్యం విడిపించాడు. ఆ వినత బిడ్డే వైనతేయుడు.

సంస్కృతంలో తల్లి పేరుకి ‘ఏయ’ చేరిస్తే ఆమె బిడ్డ అని అర్థం. అప్పుడు మొదటి అచ్చు పెరుగుతుంది. గంగ కొడుకు గాంగేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు, వినత కొడుకు వైనతేయుడు. అంచేత పేరు మొదట్లో ‘వై’ తప్పనిసరి. ‘వినతేయ’ అంటే వ్యాకరణం ఒప్పదు. ‘వైనాతేయ’ అని దీర్ఘం తీయకూడదు. వై–న–తే–య, అంతే.

వ్యాకరణం ప్రకారం ఆడపిల్ల అయితే వైనతేయి కావాలి. కాని ఇక్కడ పిల్లకి పెడుతున్నది పక్షిరాజు పేరు కాదు, ఏటి పేరు. జనం ఏటిని వైనతేయ అనే అంటున్నారు. అంచేత నాకు అభ్యంతరం కనిపించలేదు.

అసలు చిక్కు ఇంగ్లీషుతోనే. మొదటి నాలుగు అక్షరాలూ చూసి తెలియనివాళ్లు ‘వెయిన్’ అంటారు. ఆ భాషలో దానికి వృథా అని అర్థం! ‘త’కి టి ఒక్కటే వ్రాస్తే మన బళ్లోనే ‘వైనటేయ’ అనవచ్చు. మనవాళ్ల అలవాటు ప్రకారం పక్కన హెచ్ చేరిస్తే ఉత్తరాదివారు ‘వైనథేయ’ అంటారు. ఏది వ్రాసినా కొంత పోతుంది. నా సలహా ఒకటే. జనన ధ్రువపత్రంలో తెలుగు అక్షరాలు ముందు సరిచూసుకోండి. ఇంగ్లీషులో ఒక్క తీరు ఎంచుకుని ఆధార్‌లోనూ బడి రిజిస్టరులోనూ అదే ఉంచండి. పిల్లకి మాటలు రాగానే తన పేరు తాను స్పష్టంగా చెప్పడం నేర్పండి. ఎవరైనా తప్పుగా పిలిస్తే దిద్దే ధైర్యం దానికే వస్తుంది.

వెళ్లబోతున్న ఆవిడతో మరో మాట అన్నాను. “అమ్మా, పిల్లకి ఇంటిపేరు మీదే వస్తుంది. పోలికలు ఎవరివో తరవాత తేలతాయి. మీ కోడలు కోరింది తన ఊరి పక్కన ఏటి పేరొక్కటే. అందులోనూ ఉన్నది ఒక తల్లి పేరే.”

ఆవిడ జవాబు చెప్పలేదు. గేటు దాకా సాగనంపడానికి వెనకాలే వెళ్లాను. చెప్పులు తొడుక్కుంటూ తనలో తాను “వయినతేయ... వయినతేయ...” అనుకుంటోంది. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, “తిరుగుతోందండోయ్!” అంది.